ఒంకో కంచె

ఇవామిజావాలో ఆ ఫిబ్రవరి రాత్రి
మంచు తోసే బండి నాదే.
తెల్లటి దిబ్బ అనుకున్నాను.
లోపల చెట్టుందని
బ్లేడు కరకరలాడాకే తెలిసింది.

మంచు కరిగాక నా నేరం బయటపడింది:
వీధి మూల ఒంకో పొద, నలభై ఏళ్లది,
మోకాలెత్తు మొండెం.

బిస్కెట్ల డబ్బా పట్టుకుని వెళ్లాను.
ఫుసాయె గారు తిట్టలేదు. రంపం ఇచ్చింది.
"చీలిన చోట నున్నగా కోయి.
పైన్ చెట్టైతే ఇక్కడితో సరి.
ఇది ముదురు కొయ్యలోంచీ చిగురేస్తుంది,
కాకపోతే తొందరపడదు."

ఎరువు తేనా అంటే నవ్వింది.
"దీనికి తిండి గొడవ లేదయ్యా,
కాళ్ల దగ్గర నీళ్లు నిలవకపోతే చాలు."
పూటంతా కాలవ తవ్వాను.

ఆ ఏడు ఏమీ లేదు.

మరుసటేడు బెరడు మీద
పొక్కుల్లా పచ్చటి చుక్కలు.
లెక్కపెట్టాను, పదకొండు.
ఇంటికెళ్లి మళ్లీ వచ్చి లెక్కపెట్టాను.

సెప్టెంబరులో, బతికిన పక్క కొమ్మకి
ఎర్రటి పళ్లు, అడుగున తెరిచిన గిన్నెల్లా.
"గుజ్జు చప్పరించు, గింజ ఉమ్మెయ్.
నమిలావో, ప్రాణం మీదికొస్తుంది."
జిగురు తీపి.
గింజ నాలుక మీదుండగా
ఆవిడ నా నోటి వైపే చూస్తోంది.
ఉమ్మేశాను.

ఇప్పుడు నవంబరు.
కొమ్మల్ని దగ్గరికి తీసి
కింది నుంచి పైకి గడ్డితాడు చుడుతున్నాను.
"గట్టిగా కాదు, ఊపిరాడనీ" అంటోంది కిటికీలోంచి.

చివరికి మూల మీద
ఎర్రగుడ్డ కట్టిన వెదురు పాతాను,
నా ఎత్తుకి రెండింతలు.
ఈ చలికాలం కూడా
ఈ వీధి బండి నాదే.