ఏడో టేకు

మంచు దిమ్మెలతో ఇల్లు సగమే కట్టారు,
మిగతా సగం కెమెరాకి.
తెరిచిన ఆ పక్క నుంచి
గడ్డకట్టిన సముద్రమంతా లోపలికొచ్చి కూర్చుంది.
మైనస్ ముప్పై రెండు.
మైకు బ్యాటరీలు చంకలో పెట్టుకుని
గుడ్లలా పొదుగుతున్నాను నేను.

సినిమాలో అది పాతకాలం.
అందుకని అమ్మమ్మ చేతిగడియారం విప్పించారు.
మణికట్టు మీద తెల్లటి చార మిగిలితే
దానికి మసి పూశారు.
నాన్న వేషం కట్టిన ఎలైజా
పొద్దున్నే కొట్లో డబ్బాలు సర్ది వస్తాడు.
సీలు వేటకెళ్ళి తిరిగిరాని మనిషి గనక
అతని పని మొదటిరోజే అయిపోయింది.
అయినా రోజూ వస్తాడు, టీ కోసం.

అమ్మమ్మ పేరు లీటియా.
కట్టింది వాళ్ళమ్మ వేషం.
వాళ్ళమ్మ పేరు ఉలాయుక్.
చిన్నప్పటి అమ్మమ్మగా నా చెల్లెలు,
దాని పేరూ ఉలాయుక్కే.
మాలో పేరు ఊరికే పెట్టరు,
పోయినవాళ్ళ పేరుతో పాటు వాళ్ళ వరసా వస్తుంది.
అందుకే ఈ ఏడేళ్ళ పిల్లని
పుట్టిన నాటినుంచీ అమ్మమ్మ
'అమ్మా' అనే పిలుస్తుంది,
ముక్కు తుడుస్తూ కూడా,
చిప్స్ పొట్లం లాక్కుని దాచేస్తూ కూడా.

సీను ఇది.
రాతిదీపంలో నూనె అడుగంటింది.
చేతిలో ఒకే ఒక్క సీలు కొవ్వు ముక్క.
దీపానికిస్తే పిల్ల పస్తు.
పిల్లకిస్తే చీకటి, చీకటి వెనకే చలి.
సాకియాసీ కాగితం మీద రాసుకున్నాడు:
తల్లి పిల్లకే పెడుతుంది. దీపం ఆరుతుంది.

ఆరుసార్లు ఆరింది దీపం.
ఒకసారి జనరేటర్ దగ్గింది,
ఒకసారి ఎవరిదో స్నోమొబైల్ గీపెట్టింది,
ఒకసారి చెల్లెలు నవ్వింది.
మిగతా మూడుసార్లూ అమ్మమ్మ
"తిను, బిడ్డా" అనాల్సిన చోట
"తిను, అమ్మా" అంది.
"ఇక్కడ అది నీ కూతురు, లీటియా"
అన్నాడు సాకియాసీ, మర్యాదగానే.

ఏడో టేకు.
అమ్మమ్మ పుల్లతో వత్తి ఎగదోసింది.
నాచూ గడ్డిదూదీ కలిపి నలిచిన వత్తి
నా హెడ్‌ఫోన్లలో చిటపటమంది.
కొవ్వు ముక్క పిల్ల నోటిదాకా వెళ్ళి
ఆగింది.
వెనక్కి తిరిగి
అమ్మమ్మ నోట్లోకే పోయింది.

ఆపమనడానికి సాకియాసీ చెయ్యి లేచింది.
గాల్లోనే ఉండిపోయింది.

నములుతోంది.
ఉన్న నాలుగు పళ్ళతో,
మింగకుండా.
మైకులో అది
ఎవరో దూరంగా మంచు మీద నడుస్తున్నట్టు వినిపించింది.
తర్వాత దీపం మీదికి వంగి
నోట్లో ఊరిన నూనెంతా
రాతి అంచున మెల్లగా వదిలింది.
మంట వత్తి పొడుగునా పాకింది.
అప్పుడు మిగిలిన పిప్పి తీసి
చెల్లెలి పెదాల మధ్య పెట్టింది.
"తిను, అమ్మా."
ఏమీ లేనిదాన్ని మింగి
తన గొంతు ఒకసారి కదిలింది.

కట్ చెప్పడం ఎవరికీ గుర్తురాలేదు.
మెమరీ కార్డు నిండేదాకా కెమెరా నడిచింది.

"నేనలా రాయలేదే" అన్నాడు సాకియాసీ.
"నువ్వప్పటికి పుట్టలేదుగా" అంది అమ్మమ్మ,
గడియారం కోసం చెయ్యి చాపుతూ.
"ఆ చలికాలమంతా నేను తిన్నది పిప్పే.
బాగానే ఉండేది.
ఆవిడేం తిందో అడగలేదు,
ఏడేళ్ళు నాకు."

రెండు నెలలకి
సబ్‌టైటిళ్ళు రాసేవాడు దక్షిణం నుంచి ఫోన్ చేశాడు,
తల్లి కూతుర్ని అమ్మా అంటోంది, తప్పు పడిందా అని.
సాకియాసీ చాలాసేపు ఏదో చెప్పబోయి
"ఉన్నదున్నట్టు వేసెయ్" అన్నాడు.

ఆ సాయంత్రం స్లెడ్జి బండి మీద ఇంటికొస్తుంటే
చెల్లెలు నిద్రపోయింది,
మూతి ఇంకా నూనెతో మెరుస్తూ.
అమ్మమ్మ చేతితొడుగు తీసి
బొటనవేలితో ఆ మూతి తుడిచి
ఆ వేలు నోట్లో పెట్టుకుంది.
నేనప్పటికే
మైకు పెట్టెలో సర్దేశాను.