చిన్న పట్టాలు

గుణుపురం మండీలో పొద్దున ఆరింటికి
వేబ్రిడ్జి ముందు పదకొండు ట్రాక్టర్లు.
పొగమంచులో వాటి దీపాలు
సగం ఉడికిన గుడ్డు సొనల్లా ఉన్నాయి.
లోపల నేనూ, సుకాంతి గొమాంగో,
రాత్రంతా బిల్డ్ కాని ఒక ప్రోగ్రామూ.

రెండు వందల పన్నెండో వరస, అంటుంది.
'బస్తా' అన్న పేరుకి రకం చెప్పలేదు, అంటుంది.
చెప్పాను కదే.
ఆటో అని రాశానంటే
కుడిపక్క ఉన్నది చూసి రకం నువ్వే తెలుసుకోమని.
వేలితో తడిమి చూపిస్తాను తెర మీద.
మళ్ళీ నడుపుతాను.
రెండు వందల పన్నెండో వరస.

రకం చెప్పలేదా, అని సుకాంతి నవ్వింది.
రేషను ఆఫీసు కిటికీ దగ్గర
వాళ్ళమ్మని ఇలాగే నిలబెట్టారట.

పేర్లు మార్చాను.
పాత ఆబ్జెక్టు ఫైళ్ళు ఊడ్చి పారబోశాను.
కామా దగ్గర ఖాళీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.
మూడింటికి కరెంటు పోయింది, వచ్చింది,
దాని వల్లేనేమో అని కాసేపు ఆశపడ్డాను కూడా.
పైన కామెంటులో ఉన్న నా పేరు తీసెయ్యమంది సుకాంతి,
నువ్వంటేనే పడదేమో దానికి.
తీశాను.
పదమూడు తప్పులు పదమూడే.

తవిటయ్య టీ తెచ్చాడు.
ఈ కాపలా పనికి రాకముందు
నౌపడా లైన్లో పట్టాలు చూసేవాడు.
"ఏటమ్మా, ఇంకా అవనేదా?"
అవలేదు తాతా. నేను రాసింది తప్పంటోంది.
"నువ్వు రాసింది సరేనమ్మా.
సదివీవోడు ఎప్పటోడు?"

సదివీవోడు ఎప్పటోడు.

గ్లాసు కింద పెట్టి
ఆ ఒక్క మాటా మిషన్ని అడిగాను.
చెప్పింది. దాచుకోలేదు పాపం,
ఎవరడిగినా చెప్పేదే.
నేను పదో తరగతి పరీక్ష ఫీజు కట్టిన ఏడు
అది పుట్టింది.

కొత్త కంపైలరు లేక కాదు.
పోయిన వానల్లో నేనే వేశాను,
పక్క ఫోల్డర్లో, మూత విప్పని మందుసీసాలా.
గుమ్మంలో మాత్రం ఈ ముసలిది కూర్చుని
వచ్చిన ప్రతి కాయితమూ తనకే అనుకుని
కళ్ళద్దాలు సర్దుకుంటోంది.

తీసి పారేద్దామా, అంది సుకాంతి.
"పెద్ద పట్టాలేసినపుడు
మా సిన్న ఇంజన్ని పక్కన నిలిపీసినారు" అన్నాడు తవిటయ్య.
"మరి ఏళ్ళకేళ్ళు బండే నేదు.
బస్సు టాపు మీద ఎల్లినాం."

తీసేస్తే కాటా చచ్చిపోతుంది.
కాటాతో మాట్లాడే ముక్క రాసిన బరంపురం కంపెనీ
బోర్డు దించేసి ఎప్పుడో వెళ్ళిపోయింది.
ఆ ముక్కని కొత్తదాని చేతికిస్తే
మూడు వందల నలభై తప్పులు చూపించి
రాయి విసిరినట్టు నా మీదకి విసిరింది.

అందుకని రెండింటినీ ఉంచాను.
ఏ ఫైలు ఎవరికో పేరుపేరునా రాశాను.
కాటా ముక్క ముసలిదానికి,
లెక్కల ముక్క కుర్రదానికి,
మధ్యలో ఒక సన్నటి ఫైలు,
ఇద్దరికీ తెలిసిన నాలుగు పాత మాటలతో.
ఇందులో ఏముంది, అంది సుకాంతి,
నేను పొద్దున లేస్తే చేసే పనేగా.
ఇంట్లో సవర మాట్లాడి వస్తుంది తను.

ఏడూ పదికి బిల్డ్ అయింది.
తెర ఏమీ అనలేదు. అయితే అలాగే ఊరుకుంటుంది.

మొదటి ట్రాక్టరు ఎక్కింది.
నాలుగు టన్నుల రెండు వందల ఎనభై.
డ్రైవరు తల బయట పెట్టి ఒడియాలో అడిగాడు,
తవిటయ్య తెలుగులో చెప్పాడు,
చీటీ మీద ఇంగ్లీషులో పడింది.
టీ మీద మీగడ కట్టింది.
వెనక రెండోవాడు హారను మీంచి చెయ్యి తియ్యడం లేదు.