ముప్పై సెంట్లు

డాబాగార్డెన్స్‌లో మెట్ల కింద నా స్టూడియో.
గోడలకి గుడ్ల అట్టలు. ఏసీ ఆపితేనే రికార్డింగు.
జాలారిపేట నుంచి వచ్చాడు గరికిన ఎల్లాజీ.
చెప్పులు బయట విడిచి,
మైకుని కొత్త వియ్యంకుణ్ణి చూసినట్టు చూసి,
అలివి వల లాగే పాట ఎత్తుకున్నాడు.
హార్బరు సైరను పడి రెండు టేకులు పోయాయి.

తెర మీద ఆయన గొంతు ఒక పచ్చ గీత.
చరణం చివర, ప్రతిసారీ అక్కడే,
గాంధారం కిందికి జారుతోంది.

"ముప్పై సెంట్లు తగ్గింది తాతా."
"ముప్పై సెంట్లే!
నాకు అర సెంటు కూడా నేదు బావూ."

మౌసుతో పైకి లాగాను.
ఇస్త్రీ మడతలా గీత సాపయింది.
హెడ్‌ఫోను ఒక చెవికే ఆనించి విన్నాడు,
మళ్లీ పెట్టమన్నాడు.
"బాగుంది. ఎవులు పాడినారు?"

"నువ్వే."

"నాను కాదు.
అక్కడ వల బరువెక్కుతాది.
మడమలు ఇసకలో దిగిపోతాయి,
గొంతు దిగదేటి మరి?
ఈడెవుడో గానీ
ఈడి వల్లో నెత్తళ్లు కూడా నేవు."

రిసార్టు ప్రకటనకి సాపు చేసిందే పంపాను.
డబ్బులు రాత్రికే పడ్డాయి. సగం ఆయనకిచ్చాను.
ఏం పాటో, ఏ యాడ్‌లోనో ఆయన అడగలేదు.

ఇంకో ఫైలుంది, పేరు పెట్టనిది.
పనిలేని మధ్యాహ్నం ఏసీ ఆపి తెరుస్తాను.
ఆ ముప్పై సెంట్ల దగ్గరికొచ్చేసరికి
కుర్చీ కింద నా మడమలు
గచ్చు మీద
దిగడానికి చోటు వెతుకుతాయి.