హాజరు పట్టీలో మూడు గీతలు

ఏడో తరగతి మాస్టారికి
మంగమారిపేట నుంచి మైలపల్లి కొర్లమ్మ
రాసుకునేది ఏమనగా,
తుఫాను దాటాక మూడు రోజులు బడికి రాలేదు.
జ్వరమని రాయమంది అమ్మ.
జ్వరం కాదు సార్,
ఓడ.

గాలివాన తగ్గిన రాత్రి
సముద్రం ఎన్నడూ లేనంత వెనక్కి పోయింది.
రాతి తోరణం మోకాళ్ళు బయటపడ్డాయి.
ఎల్లాజీ తాత వల చిక్కు తీస్తూ
"ఆ కంతలోంచి తొంగి సూడకే గుంటా,
అటేపు నీరు ఈ కాలం నీరు కాదు" అన్నాడు.
చూడొద్దంటే చూడకుండా ఎలా ఉంటాం సార్?

తోరణానికి ఇవతల మా తెప్పలు,
భీమిలి రోడ్డు మీద లారీల దీపాలు.
అవతల అడుగు పెట్టానో లేదో
లారీల్లేవు, రోడ్డూ లేదు.
నల్లటి ఓడ. ఇల్లంత కాదు, మా వీధంత.
ముక్కుకి అటూ ఇటూ కళ్ళు గీయించుకుని
నన్నే చూస్తోంది.

తెరచాప కింద నా ఈడు పిల్లాడు.
పేరు హిలారస్. నవ్వులవాడని అర్థమట.
ఏడుస్తూనే చెప్పాడు.
వాడి మాట నాకెలా తెలిసిందని అడక్కండి,
ఉప్పునీళ్ళు మింగినవాళ్ళకి తెలుస్తుంది.

రోము రాజ్యం నుంచి ద్రాక్షసారా జాడీలు తెచ్చి
మన సన్నబట్టలు ఎక్కించుకుని
ఇంటికి బయల్దేరబోతే లంగరు రాలేదు.
రోజుకో గీత గీశాడు తెరచాప కొయ్య మీద.
కొయ్య నిండిపోయింది సార్.
బల్లలు నిండాయి, నీళ్ళ పీపా నిండింది.
వాడికి మాత్రం మీసం రాలేదు.

తాత కత్తి నడుముకి దోపుకుని దూకాను.
అడుగున లంగరుని పట్టుకున్నది రాయి కాదు.
తెప్పంత బొంత చేప,
వీపు మీద నాచు, నాచులో పీతల కాపురాలు,
లంగరుని తమలపాకులా దవడన పెట్టుకుని
నిద్రకీ మెలకువకీ మధ్య ఉంది.
కత్తి దానికి దోమ.
అప్పుడు గుర్తొచ్చింది, ఆవలింత అంటుకుంటుందని.
నీళ్ళలో ఆవలించడం ఎంత కష్టమో
మీకు తెలీదు సార్.
సగం సముద్రం మింగాను.
బొంత నన్ను చూసింది. కళ్ళు మూసింది.
గుహ తెరుచుకున్నట్టు
ఆవలించింది.

లంగరు లేచింది గానీ రాళ్ళ మధ్య దారి చీకటి.
కొండ మీద దీపం ఉంటే తప్ప కదలం అన్నారు ఓడవాళ్ళు.
హిలారస్ నా గుప్పిట్లో ఒక వెండి నాణెం పెట్టాడు,
ముక్కు అరిగిపోయిన రాజు బొమ్మ.
తొట్లకొండ ఎక్కాను.

మనం టిఫిన్ డబ్బాలతో వెళ్ళినప్పుడు
అక్కడ మొండిగోడలే కదా.
ఆ రాత్రి గోడలకి కప్పులున్నాయి.
రాతి తొట్లలో నీళ్ళు, నీళ్ళనిండా చుక్కలు.
గిన్నె కడుక్కుంటున్న చిన్న భిక్షువు
ఎవరి పిల్లవని అడగలేదు.
ప్రమిదలో నూనె పోసి
"గాలికి చెయ్యి అడ్డం పెట్టు" అన్నాడు, అంతే.

పెట్టాను. తెల్లవారుజాము దాకా పెట్టాను.
కొండగాలి లేచింది.
ఓడ నా మీంచి కళ్ళు తిప్పుకుని
దక్షిణం దారి పట్టింది.
చివర్న ఎవరో నవ్వినట్టు వినబడింది.
వాడే అయ్యుంటాడు.

నాణెం నూనె ఖరీదు కింద తొట్టిలో వేసేశాను,
అప్పు ఉంచుకోకూడదని అమ్మ అంటుంది.
అందుకే రుజువు లేదు.
నాకు ఒక్క రాత్రి, పేటకి మూడు రోజులు.
అమ్మ కొట్టింది, ఏడ్చింది, మళ్ళీ కొట్టింది.
తాత మాత్రం వల కుడుతూ, తల ఎత్తకుండా,
"ఆవలించిందేటి?" అన్నాడు.

ఇక విన్నపం.
హాజరు పట్టీలో నా పేరుకెదురుగా
మూడు నిలువు గీతలు గీశారు.
దయచేసి కొట్టేయకండి సార్.
కొయ్య మీద చోటు చాలక
వాడు గీయకుండా వదిలేసినవి
అవేనేమో.