సమస్య అనే గడి

ముమ్మిడివరంలో మా డిగ్రీ కాలేజీ,
సైకిల్ స్టాండు పక్కన నంబరు లేని గది.
మొన్నటిదాకా ఎన్నికల పెట్టెలు దాచారు,
తలుపు మీద లక్క ముద్ర ఇంకా సగం ఉంది.
సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా
చదువు ఎక్కడో ఆగిపోయినవాళ్ళ కోసం
అందులో నేనుంటాను.
గెస్టు లెక్చరర్ని. గంటకింత అని జీతం.
ఈ గంటన్నర ఏ గంటలోకీ రాదు.

ప్రిన్సిపాల్ గారు ఓ రిజిస్టరు ఇచ్చారు.
పేరు, గ్రూపు, వచ్చిన టైము, వెళ్ళిన టైము,
చివర్న ఓ వెడల్పాటి గడి: సమస్య.

ఎవరూ రాని రోజు ఆ గడే చదువుకుంటాను.
"స్టాటిస్టిక్స్" రాయబోయి మూడుసార్లు కొట్టేసి
"లెక్కలు" అని సరిపెట్టుకున్నవాడు.
"ఇంగ్లీషు, మొత్తం" అని ఒకమ్మాయి.
సత్యవేణి "మా ఆయన" అని రాసేసి,
నాలిక్కరుచుకుని,
పక్కనే "కి తెలీదు, అకౌంట్స్ పోయింది" అని అతికించింది.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మళ్ళీ పుస్తకం పట్టిన మనిషి.
డెబిట్ ఎడమవైపు, క్రెడిట్ కుడివైపు
అని నేను వేలుపెట్టి చూపిస్తుంటే
"ఎటు కూర్చున్నోళ్ళకి ఎడమండీ?" అంది.
నాకెదురుగా కూర్చుని ఉంది.
పదకొండేళ్ళుగా పాఠం చెబుతున్నాను,
ఆ మాట నన్నెవరూ అడగలేదు.
అప్పట్నుంచీ నా కుర్చీ బల్లకి అటువైపు,
వాళ్ళ పక్కన.

సంగాడి వీరబాబు గడి మాత్రం ఖాళీ.
రోజూ వస్తాడు. సంతకం పెడతాడు.
చివరి బెంచీ మీద నోట్సు తెరిచి
దాని మీదే చెంప ఆన్చి పడుకుంటాడు.
మొదటిరోజు కసిరాను.
రెండోరోజు భుజం తట్టి లేపితే
ఉలిక్కిపడి నిలబడ్డాడు:
"ఇంజనాగిపోయిందా?"

పల్లంకుర్రు దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా.
రాత్రి కరెంటు పోతే క్షణాల్లో డీజిలింజను తిప్పాలి,
నీళ్ళలో చక్రాలు ఆగకూడదు.
తెల్లారుజామున రొయ్య పైకి తేలిందంటే
ఆ పంట అంతే.
ఇంట్లో పడుకోవచ్చుగా అంటే
"ఆయ్, ఇంట్లో అయితే లేవనండి" అన్నాడు.

ఇక లేపడం మానేశాను.
ఐదూ పదికి మాత్రం బల్ల మీద సుద్దముక్కతో కొడతాను,
లేచి పంపు దగ్గర మొహం కడుక్కొస్తాడు,
మిగిలిన ఇరవై నిమిషాల్లో ఒక్క లెక్క.
తలూపుతాడు. అర్థమైందో లేదో చెప్పడు.

బెజవాడ నుంచి తనిఖీ బృందం వస్తుందన్నారు.
ప్రిన్సిపాల్ గారు రిజిస్టరు తిరగేసి
"ఇతని గడి ఖాళీగా ఉందేంటమ్మా?
ఏదో ఒకటి రాయండి."
"నిద్ర" అని రాశాను.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కొట్టేసి,
పైన పొందిగ్గా "ఏకాగ్రతా లోపం" అని దిద్దారు.
తనిఖీవాళ్ళు ఆ గదిలోకే రాలేదు,
టీ తాగి ఎదుర్లంక వంతెన దాటి వెళ్ళిపోయారు.

నిన్న నాలుగున్నరకి కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది, అంతే,
వీరబాబు లేచి నిలబడ్డాడు, గది మధ్యకి రెండంగలేశాడు.
సత్యవేణి నవ్వబోయి ఆగింది.
చెరువు కాదని అప్పటికి తెలిసింది కాబోలు,
చేతులేం చెయ్యాలో తోచక కాసేపు అక్కడే ఉన్నాడు.

తర్వాత నోట్సు పట్టుకుని నా పక్కకొచ్చాడు.
"మొన్నటి మధ్యగతం లెక్కండి మేడమ్,
రెండో లైను దగ్గర పోయిందండి నాకు.
అడుగుదామంటే..."
అంటే ఏమిటో చెప్పలేదు.
రెండో లైను చూశాను.
అక్కడ నేనే ఒక మెట్టు దాటేసి రాశాను.

మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాం.
కిటికీ దగ్గరికి బల్ల జరిపి,
వెలుతురు ఎటుంటే అటు.
ఐదూ నలభై బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది,
ఐదూ యాభై అయింది.
వెళ్ళబోతూ రిజిస్టరు లాక్కుని
తన గడిలో రాశాడు: "రెండో లైను."
సత్యవేణి టైము అడిగి తన గడి నింపుకుంది.
కరెంటు ఇంకా రాలేదు.