ఒకటిన్నర తిప్పు

మర్రిపాలెం షెడ్డులో
పాత పేపరు మీద, పెళ్ళి సంబంధాల పేజీ మీద
కార్బురేటరు పేగులన్నీ పరిచాను.
ఫ్లోటు, సూది, స్ప్రింగు,
అక్షింత గింజంత రెండు ఇత్తడి జెట్లు.
వెలుగుకెత్తి చూస్తే జెట్టులో రంధ్రం
ఆవగింజలో సగం లేదు.
అందులోంచే పోవాలి
ఏలియా తొందరంతా.

"పెద్ద జెట్టు ఏసీ అన్నా" అంటాడు.
డాక్‌యార్డు అప్రెంటిసు. పాత టూ స్ట్రోకు బండికి
కిందటి నెలే ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల నోరు తగిలించాడు.
పెద్ద నోటికి పెద్ద ముద్ద అనుకుంటాడు, కుర్రాడు కదా.

ఈ ఊరి గాలి పిండని తడిబట్ట.
కడలి ఉప్పూ, రేవు బొగ్గుపొడీ కలిసి
షెడ్డు తాళం కూడా ఏడాదికొకటి తినేస్తుంది.
ఆ గాలికి కుదిరేట్టు తిప్పాలి స్క్రూ.
పూర్తిగా లోపలికి, మెత్తగా,
ఆగిన చోట ఆగి
అక్కణ్ణించి వెనక్కి ఒకటిన్నర తిప్పు.
పుస్తకంలో అంతే ఉంటుంది.
ఆ తరవాతి పావు తిప్పు కోసం
గూడ్సు బండి పోయేదాకా ఆగాను,
ఎదురింటి కుక్కరు నాలుగో కూత కూసేదాకా ఆగాను.
ఆకలి మీదున్న ఇంజను దగ్గుతుంది.
ఎక్కువ తిన్నది గొణుగుతుంది.
గొణుగుడు ఆగి, దగ్గు ఇంకా మొదలవని చోట
వేలు తీసేశాను.

రుషికొండ దాటాక ఖాళీ రోడ్డు మీద
పూర్తిగా తిప్పి, ఉన్నపళాన ఆపి,
మైలురాయి పక్కన ప్లగ్గు విప్పి చూశాం.
పాలు తక్కువైన కాఫీ రంగు.
ఏలియా దాన్ని ముద్దెట్టుకోబోయి మూతి కాల్చుకున్నాడు.

శనివారం రాత్రి పదకొండింటికి ఫోను.
"అన్నా, బండి ఏడుస్తంది."
"ఎక్కడున్నావురా?"
"అనంతగిరి మీద. కాఫీ తోటల కాడ."
"ఫోను సైలెన్సరుకి దగ్గరగా ఎట్టు."
విన్నాను. బొడ, బొడ, బొడ.
కొండ మీద గాలి పలచన, నేను పెట్టింది సముద్రం లెక్క.
ముప్పై ఏళ్ళుగా కొండకి బళ్ళు పంపుతున్నాను,
సింహాచలం మెట్లకి పైన నేనెప్పుడూ ఎక్కలేదు.

"పై మూత విప్పు. సూది తియ్యి.
క్లిప్పు ఒక గాడి పైకి జరుపు."
"జారి పడిపోతే?"
"పడీసుకోకు."
పడేసుకున్నాడు.
ఫోను పెట్టేయకుండా పడుకుని విన్నాను,
కీచురాళ్ళు, ఎండుటాకుల్లో చేతులు,
ఒకడి బూతు, ఇంకొకడి నవ్వు.
ఎంతసేపటికో కిక్కు. మళ్ళీ కిక్కు.
ఆ మీద ఒక కేక, గొణుగుడు లేని కేక,
మలుపు తిరిగి సిగ్నలు దాటిపోయింది.

పెదాల మీద నవ్వు అలాగే ఉండగా గుర్తొచ్చింది.
దిగేటప్పుడు క్లిప్పు వెనక్కి పెట్టమని చెప్పలేదు.
కిందికొచ్చేకొద్దీ గాలి చిక్కనవుతుంది, పెట్రోలు చాలదు,
ప్లగ్గు సున్నంలా తెల్లబడుతుంది, పిస్టను పట్టేస్తుంది,
చక్రం బిగుసుకుంటుంది. వాడు ఎనభైలో ఉంటాడు.
ఫోను చేశాను. అందుబాటులో లేదంది.
మళ్ళీ చేశాను.
మూడింటికి షెడ్డు తెరిచి
లైటు వేసి ఊరికే కూచున్నాను.
రోడ్డు మీద వచ్చే ప్రతి బండీ వేరేవాళ్ళదే.

అయిదున్నరకి ఎన్ఏడీ వైపు నుంచి
తెలిసిన గొంతు.
దగ్గూ లేదు, గొణుగుడూ లేదు.
లేచి వెళ్ళలేదు, కాళ్ళలో సత్తువ లేదు.

"ఎస్.కోటలో టీ తాగినప్పుడు ఎనక్కి మార్చీసేను అన్నా."
"ఎవుడు చెప్పేడ్రా?"
"ఎవుడూ లేదు. గాలి బరువెక్కినట్టనిపించింది."
అని జేబులోంచి
ఎండుటాకులతో పాటు ఒక స్క్రూ తీశాడు,
"ఇది మాత్రం ఎక్కడిదో తెల్దు."

తిట్టాను, గట్టిగానే.
రాత్రంతా మూత పెట్టని గిన్నెలో
పెట్రోలు సగం ఎగిరిపోయింది.