బూజుకర్ర

పదకొండేళ్లు అది మా ఇంట్లో బూజుకర్ర.
కొసకు పాత చీపురు కట్టి
దేశమ్మ మూలలన్నీ దులిపేది,
పెరట్లో మునక్కాయలు కోసేది,
ఒకసారి మిద్దెక్కిన కోతిని కూడా అదిలించింది.

పోయిన చలికాలం చీపురు ఊడి
కొస దగ్గర పెయింటు పెచ్చు లేచింది.
కింద తేనె రంగు.
గోటితో గీకాను. ఇంకా తేనె రంగు.
గుండ్రం కాదు, ఆరు పలకలు.
ఒక్క వెదురే కాదది.
ఆరు చీలికల్ని, ఒక్కోదాన్నీ మూడంచులుగా చిత్రిక పట్టి
వెన్ను బయటికి, అంచు లోపలికి పెట్టి
ఎవరో బంకతో ఒకటి చేశారు.
అతుకు కనపడాలంటే
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూడాలి.

రేణిగుంట రైల్వే క్వార్టర్స్ ఖాళీ చేసినప్పుడు
అటక మీంచి దిగిన సామానులో వచ్చింది.
గార్డు డెస్మండ్ దొరది, గాలం కర్ర,
అని నాయన ఒకసారి అన్నట్టు గుర్తు.
దొర ఇచ్చాడో, మరిచిపోయాడో చెప్పలేదు.
లాంపు గదిలో పనిచేసిన మనిషి,
మాటల్ని కూడా వత్తి తగ్గించే వాడేవాడు.

గాజుపెంకుతో గీకాను.
మా తలుపులకేసిన ఆకుపచ్చ పెయింటే
(ఆ పాపం నాదే)
పొట్టుపొట్టుగా రాలింది.
"దాన్ని గీకతా కూసుంటే బూజు ఎవురు దులపాల?"
అంది దేశమ్మ. న్యాయమే.
కొత్త కర్ర కొనిచ్చాను.

నడిమి ముక్క, పిడికి మూరెడు పైన, విరిగి ఉంది.
నిరుడు నా మణికట్టు విరిగితే
పుత్తూరు పోయాం.
ఆయన కళ్లు మూసుకుని నొక్కి చూసి
ఎముకకు ఎముకను అప్పజెప్పి
పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ,
పైన వెదురు దబ్బలు. మూడు కట్లు.
విరిగిన నాకు వెదురు కట్టారు, సరే.
విరిగిన వెదురుకు ఏం కట్టాలి?

పట్టు.
నారాయణవనంలో మగ్గం మానేసిన గజేంద్రాన్ని
కండెలో మిగిలిన పోగేమైనా ఉందా అంటే
"ఏం రంగు?" అన్నాడు.
"ఏదైనా."
"ఏదైనా అనే రంగు లేదబ్బా" అని
మామిడిపిందె రంగు తీసిచ్చాడు.

పాత కట్లన్నీ బ్లేడుతో కోసేశాను.
విరుపు మీది కట్టు మాత్రం పట్టు కాదు,
ముతక నూలు, వత్తిపోగు లాంటిది.
ఎవడో తెలియనివాడి పని అనుకుని
దాన్నీ కోసేశాను.

మూడోరోజు, నా కట్టు ముగిస్తూ
పోగు కొసను ఉచ్చులోంచి లాగి
చుట్ల కిందికి దాచబోయి
ఆగిపోయాను.
ఈ ముడి నాకెవరు నేర్పారు?
గొడుగు ఊస విరిగినా, నా పలక చట్రం ఊడినా
నాయన ఇట్లాగే కట్టేవాడు,
ముడేసిన జాడ పైకి తెలీకుండా.

చెత్తబుట్ట బోర్లించాను.
మున్సిపాలిటీ బండి రెండుసార్లు వచ్చిపోయింది అప్పటికే.

వార్నిష్ మొదటి పూతకే పట్టు రంగు పోయింది.
మామిడిపిందె లేదు, ఏమీ లేదు.
పోగు గాజై
కింద విరుపు గీత వెంట్రుకలా బయటపడింది.
గజేంద్రానికి ఈ సంగతి చెప్పలేదు.
కుంపటి సెగన చూపించి వంకర సరిచేశాను,
కొంచెం మిగిలింది. ఉండనీ.

పిచ్చాటూరులో అరణియారు కట్ట మీద
గాలం విసిరితే కర్ర
నా చేతిలో ఆలస్యంగా వణికింది,
ఎవరో పిలిస్తే నిద్రలోంచి పలికినట్టు.
గొర్రెల పిల్లోడు నవ్వాడు.
ఎండ నెత్తికెక్కేదాకా ఏమీ లేదు.
తర్వాత ఒక్క లాగుడు.
కర్ర వంగింది, పిడి దాకా వంగింది.
నేను నీళ్లను చూడలేదు, చేపను చూడలేదు.
ఆ జానెడు చోటునే చూస్తూ
ఊపిరి పీల్చడం మరిచాను.

అరచెయ్యంత జిలేబీ చేప.
"దీనికా ఇన్ని నెల్లు?" అంది దేశమ్మ.
చింతపండు పిసుకుతూ, నా వైపు తిరక్కుండానే
"మీ నాయన ముడి నిలిచిందా?" అంది.

నేనామెకు ఎప్పుడు చెప్పాను?